మెరుపునకు వ్రాయసకాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలలో రెండవనాటి సాయంకాలమున చేసిన ఉపన్యాసమునకు వ్రాతప్రతి)



రజతోత్సవ సందర్భమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను భారతమునుండియో ప్రబంధములనుండియో ఒక ఘట్టమును వినిపింతునని మీరందరును తలచియుందురు. నేనును అట్లే తలచితిని. మా వంశమున తండ్రిగారివరకు కరణీకము నడచినది. 1984లో ఆ పదవులు రద్దయినవి. నేను సహకార సంఘమున లెక్కలు వ్రాయుచున్నను, పెద్దలు అలవాటుచొప్పున నన్ను కరణమనియే పిలుచుచున్నారు. నాకు కళాశాల చదువు లేదు. చదివిన నాలుగు కావ్యములును ఈ గ్రంథాలయపు బల్లమీద, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని చదివినవే. అట్టి నేను ఈ దినమున ఎక్స్-కిరణ లేసరులను గూర్చియు, వాని మెరుపులను పట్టి వ్రాసికొను డిటెక్టరులను గూర్చియు మాటలాడ సాహసించుచున్నాను. ఈ సాహసమునకు కారణము ఒక బాలిక.

కొన్ని నెలల క్రిందట, మన పఠనమందిరమునకు నిత్యము వచ్చు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె వార్తాపత్రికను చేతబట్టుకొని నా యొద్దకు వచ్చినది. “తాతగారూ! జర్మనీలో ఒక యంత్రం సెకనుకు ఇరవై ఏడువేల సార్లు మెరుస్తుందట. అంత వేగంగా వచ్చే బొమ్మల్ని రాసిపెట్టేది ఎవరండీ?” అని అడిగినది. “యంత్రమే వ్రాసుకుంటుందమ్మా” అంటిని. ఆమె ఊరకుండలేదు. “ఒక్కటీ పోకుండా రాస్తుందా?” అనినది. నేను ముప్పది ఏండ్లుగా పద్దులు వ్రాయువాడను. ఒక్కటియు పోకుండ వ్రాయుట యెంత కష్టమో నాకు తెలియును. ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయినది. ఆ ప్రశ్నయే నన్ను ఈ విషయమును చదివించినది.

మొదట కిరణముల కథ. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్ట్స్‌బర్గు నగరమున రాంట్గెన్ అను ఆచార్యుడు ఒక క్రొత్త కిరణమును కనుగొనెను. అది ఏమియో తెలియక దానికి ఎక్స్ అని పేరు పెట్టెను. ఆ డిసెంబరులోనే తన భార్య చేతి యెముకలను ఉంగరముతో సహా ఫలకముపై చూపెను. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆయనకే వచ్చినది. విరిగిన కాలును చూచుటకు వైద్యశాలలో మనము ఎరిగిన కిరణము ఇదియే.

అయితే ఈ కిరణమునకు ఎముకలను చూపుటకంటె గొప్ప పని యొకటి కలదు. 1912లో లావె అను శాస్త్రజ్ఞుని ఆలోచనచొప్పున ఎక్స్-కిరణములను ఒక స్ఫటికముగుండ పంపి చూచిరి. ఫలకముపై ఒక్క మచ్చ పడుటకు మారుగా, ముగ్గు చుక్కలవలె వరుసలు తీరిన అనేక చుక్కలు పడినవి. చెరువులో రెండు రాళ్ళను వేసినప్పుడు అలలు ఒకదానితో నొకటి కలిసి, కొన్నిచోట్ల పెరిగి, కొన్నిచోట్ల అణగును గదా! స్ఫటికములోని పరమాణువులనుండి చెదరిన కిరణములును అట్లే కలియును. ఆ చుక్కల స్థానమును, వాని కాంతిని కొలిచి లెక్క కట్టినచో, పరమాణువులు ఎచ్చట నున్నవో తెలియును. ఈ లెక్కను నేర్పిన బ్రాగ్ తండ్రీకొడుకులకు 1915లో నోబెల్ బహుమానము కలిసి వచ్చినది.

1952 మే నెలలో లండనులోని కింగ్స్ కళాశాలయందు రోజలిండ్ ఫ్రాంక్లిన్, ఆమె వద్ద చదువుచున్న గోస్లింగు తీసిన పటము ప్రాణికోటి వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. రూపమును తెలిసికొనుటకు తోడ్పడినది. ఆ యొక్క పటము తీయుటకు అరువది గంటలకు పైగా పట్టినది. ఫలకము ఓపికగా కూర్చుండి మెల్లమెల్లగా చుక్కలను వ్రాసికొన్నది. ఆ కాలమున వ్రాయసకానికి తొందర లేదు.

ఇప్పుడు తొందర యెట్లు వచ్చినదో చెప్పెదను.

ఎలక్ట్రానులను వెలుతురు వేగమునకు మిక్కిలి దగ్గరగా పరుగెత్తించి, ఉత్తర దక్షిణ ధ్రువములు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతముల నడుమ నడిపించినచో, అవి పాము నడకతో అటునిటు ఊగుచు ఎక్స్-కిరణములను వెదజల్లును. అయస్కాంతముల వరుస మిక్కిలి పొడవైనచో మరియొక విచిత్రము జరుగును. తిరునాళ్ళలో జనము ఎవరి అడుగు వారు వేయుదురు. కోలాటములో నందరి అడుగును ఒక్కటియే. అట్లే తాము పుట్టించిన వెలుతురే ఎలక్ట్రానులను తాళమునకు తెచ్చును. అవి సన్నని వరుసలుగా కూడి ఒక్క అడుగున నడచుటచే వెలుతురు అనేకరెట్లు పెరుగును. దీనినే ఎక్స్-కిరణ స్వేచ్ఛా ఎలక్ట్రాను లేసరు అందురు. ఇట్టి లేసరు భావమును 1971లో జాన్ మేడీ ప్రకటించెను. ఎక్స్-కిరణములలో గట్టి జాతివానిని ఈ విధమున మొదట వెలిగించినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్లాక్ ప్రయోగశాలలోని ఎల్.సి.ఎల్.ఎస్. అను యంత్రము. అది 2009 ఏప్రిలులో. జపానులో సాక్లా 2011లో వెలిగినది. కొరియాలోను, స్విట్జర్లాండులోను తరువాత వచ్చినవి. బాలిక అడిగిన జర్మనీ యంత్రము పేరు యూరోపియన్ ఎక్స్-ఎఫ్.ఇ.ఎల్. హాంబర్గు నగరమునుండి షెనెఫెల్డ్ అను ఊరివరకు భూగర్భమున 3.4 కిలోమీటర్ల పొడవున నున్నది. 2017 సెప్టెంబరు 1వ తేదీన దానిని ప్రారంభించిరి. మన దేశములో ఇండోరునందు ఇండస్-2 అను ఎక్స్-కిరణ కేంద్రము కలదు. అది లేసరు కాదు, ఈ యంత్రములకు పెద్దన్నవంటి సింక్రోట్రాను.

ఈ మెరుపు ఎంతసేపుండును? ఫెమ్టోసెకనులలో. ఒక సెకనును కోటిచేత భాగించి, వచ్చినదానిని మరల పదికోట్లచేత భాగింపుడు. అది ఒక ఫెమ్టోసెకను. ఒక సెకను ముందు ఫెమ్టోసెకను ఎంతయో, సుమారు 3 కోట్ల 17 లక్షల సంవత్సరముల ముందు ఒక సెకను అంత. మన భాస్కరాచార్యులవారు సిద్ధాంతశిరోమణిలో కాలమును విభజించుచు, రెప్పపాటైన నిమేషమును ముప్పదిచే భాగించి తత్పర యనియు, దానిని నూటిచే భాగించి త్రుటి యనియు చెప్పిరి. లెక్క కట్టినచో త్రుటి యనగా సెకనులో సుమారు 33,750వ వంతు. అంతకన్న చిన్న కాలము మనుష్యునికి ఏల అని నేను తలచియుంటిని. హాంబర్గు యంత్రము మెరయు వేళ ఒక్క త్రుటిలో 130కి పైగా మెరుపులు వచ్చునని తెలిసిన దినమున పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని.

అంత పొట్టి మెరుపు ఏల కావలెను? ఎక్స్-కిరణము తాను చూచుదానిని చెరచును. మెత్తని జీవపదార్థము దాని దెబ్బకు నిలువదు. పరమాణువుల రూపము తెలియునంత కిరణము పోసినచో వస్తువు మాడిపోవును. పోయకున్నచో పటము రాదు. ఈ చిక్కునకు 2000 సంవత్సరమున స్వీడనులోని ఉప్సాలాకు చెందిన హైడు, నాయిట్సె మొదలగువారు ఒక ఉపాయమును లెక్కకట్టి చూపిరి. మెరుపు మిక్కిలి పొట్టిదైనచో, పరమాణువులు చెదరుటకు ముందే కిరణము తన పని ముగించుకొని దాటిపోవును. వస్తువు తరువాత బూడిదయైనను, పటము మాత్రము చెడకముందటి రూపమునే చూపును. దీపము ఆరకముందు ముఖము చూచుకొనుటవంటిది. ఈ ఉపాయముతో హెన్రీ చాప్‌మన్ మొదలగువారు 2011లో ఒక ఫలితమును ప్రకటించిరి. పచ్చని ఆకులలోను నాచులోను వెలుతురును పట్టు ఫోటోసిస్టం-1 అను సూక్ష్మయంత్రముయొక్క చిన్నచిన్న స్ఫటికములను నీటిధారలో ప్రవహింపజేసి, మెరుపుమీద మెరుపు వేసి, 30 లక్షలకు పైగా పటములు తీసిరి. మన పొలములోని వరియాకు ఎండను అన్నముగా మార్చు విద్యలో ఒక మెట్టు ఈ సూక్ష్మయంత్రము.

ప్రతి స్ఫటికమును ఒక్కసారియే కనిపించి నశించును. రెండవమారు చూతమన్నచో అది లేదు. కావున పటమును పట్టు డిటెక్టరు తప్పినచో ఆ సాక్ష్యము శాశ్వతముగా పోయినట్లే. సోదరులారా! ఇచ్చట నుండియే నా వృత్తికి, ఈ శాస్త్రమునకు చుట్టరికము ఆరంభమైనది. సాక్షి ఒక్కమారే పలుకును. వ్రాయసకాడు సిద్ధముగా నుండవలెను.

ఆ వ్రాయసకాడు ఎట్టివాడో చూతము. యూరోపియన్ ఎక్స్-ఎఫ్.ఇ.ఎల్.కొరకు ముఖ్యముగా మూడు డిటెక్టరులను కల్పించిరి. మొదటిది ఏ.జి.ఐ.పి.డి. దీనిని హాంబర్గులోని డేజీ సంస్థ, స్విట్జర్లాండులోని పాల్ షెర్రర్ సంస్థ, బాన్, హాంబర్గు విశ్వవిద్యాలయములు కలిసి నిర్మించినవి. రెండవది ఎల్.పి.డి. అది ఇంగ్లండులోని రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలో పుట్టినది. మూడవది డి.ఎస్.ఎస్.సి. దాని గడులు తేనెపట్టు గడులవలె ఆరు మూలలు గలవి. యంత్రము వెలుగకముందు సుమారు దశాబ్దకాలము వీనికొరకు శ్రమించిరి. ఎందుకనగా అంతకుమునుపున్న డిటెక్టరు ఏదియు ఈ మెరుపుల పరుగును అందుకొనలేదు.

ఏ.జి.ఐ.పి.డి.ని నమూనాగా తీసికొందము. అది అర మిల్లీమీటరు మందముగల సిలికాను పలకలతో చేయబడినది. పలకలు 16. ఒక్కొక్క పలకలో 128 వరుసలు, వరుసకు 512 గడులు. మొత్తము 10,48,576 గడులు. గడి భుజము మిల్లీమీటరులో అయిదవవంతు. నడుమ ఒక రంధ్రమును విడిచిరి. చెదరక తిన్నగా వచ్చు కిరణము దానిగుండ వెడలిపోవును. లేనిచో అది పలకను పాడుచేయును. కిరణపు కణమును ఫోటాను అందురు. ఒక ఫోటాను సిలికానులో పడినచో దాని శక్తి ఎలక్ట్రానులుగా విడివడును. 12 వేల ఎలక్ట్రాను వోల్టుల ఫోటాను సుమారు 3,300 ఎలక్ట్రానులనిచ్చును. కొన్ని వందల వోల్టుల ఒత్తిడి ఆ ఎలక్ట్రికు మూటను ఒక ప్రక్కకు త్రోయును. అచ్చట ప్రతి గడికిని ఒక సన్నని లోహపు గుండు అతుకబడి యుండును. ఆ గుండుగుండ ఆ మూట క్రిందనున్న చిప్పులోనికి దిగును. ప్రతి గడికిని తన చిప్పుభాగము తనకే కలదు. పది లక్షల గడులకు పది లక్షల గుమాస్తాలు.

ఇప్పుడు వారి మొదటి కష్టము. మన తెలుగువారికి అష్టావధానము క్రొత్త కాదు. అందులో ఘంటాగణనమని యొక అంశము కలదు. ఒకరు నడుమ నడుమ గంట కొట్టుచుందురు. అవధాని తన పద్యములు చెప్పుచునే ఎన్ని గంటలు మ్రోగెనో తుదిని చెప్పవలెను. సింక్రోట్రానులలో వాడు కొన్ని డిటెక్టరులు ఇట్టి పనియే చేయును. ఫోటానులు ఒకటి తరువాత నొకటి వచ్చును గనుక ఒకటి, రెండు, మూడు అని లెక్కించును. కాని లేసరు మెరుపులో వేయి ఫోటానులు ఒకే గడిపై ఒక్కసారే పడును. వేయి గంటలు ఒక్కమారు మ్రోగినచో ఏ అవధాని లెక్కింపగలడు? మ్రోత యెంత పెద్దదో విని, ఇన్ని గంటలై యుండునని తూచి చెప్పవలసినదే. అందుచేత ఈ డిటెక్టరులు లెక్కించుట మాని, కొలుచుట నేర్చినవి.

కొలుచుటలో రెండవ కష్టము. పటములో ఒక మూల గడికి ఒక్క ఫోటాను, నడుమ గడికి పదివేల ఫోటానులు రావచ్చును. ఒక్కదానిని తప్పక గుర్తింపవలెను. పదివేలకు పొంగిపోరాదు. 3,300 ఎలక్ట్రానులను, 3 కోట్ల 30 లక్షల ఎలక్ట్రానులను ఒకే పాత్రలో కొలువవలెను. మన కల్లములో గింజలు కొలుచు పద్ధతి తలచుకొనుడు. గుప్పెడు గింజలకు గిద్ద కావలెను, రాశికి కుంచము కావలెను. కుంచముతో గుప్పెడు తెలియదు. గిద్దతో రాశి తెమలదు. ఏ.జి.ఐ.పి.డి.లో ప్రతి గడియు మొదట గిద్దను పట్టుకొని నిలుచును. అది నిండవచ్చినచో, ఆ క్షణముననే తనంతట తాను మానికను, అదియు చాలకున్న కుంచమును అందుకొనును. ఎంత కొలిచినదో వ్రాయుటతోబాటు ఏ పాత్రతో కొలిచినదో అదియు వ్రాయును. ఆ రెండవ గళ్ళు లేనిచో మొదటి గళ్ళకు అర్థములేదు. ఎల్.పి.డి.వారు వేరొక మార్గము పట్టిరి. వారి గడి మూడు పాత్రలతోను ఒక్కమారే కొలుచును. ఏది పొంగలేదో దానిని తరువాత తీసికొందురు. రెండును లౌక్యమైన పద్ధతులే.

మూడవ కష్టము అన్నిటికన్న పెద్దది. జర్మనీ యంత్రము సెకనంతయు సమముగా మెరయదు. సెకనుకు పది విడతలు. ఒక్కొక్క విడతలో 2,700 వరకు మెరుపులు. ఆ విడత సెకనులో వేయింట ఆరవవంతుకాదు, పదివేలవంతులలో ఆరువంతులలోనే, అనగా 0.6 మిల్లీసెకనులోనే ముగియును. మెరుపునకు మెరుపునకు నడుమ 220 నానోసెకనులు. తరువాత 99.4 మిల్లీసెకనులు చీకటి. మరల విడత. 220 నానోసెకనులలో పది లక్షల గడుల సంగతిని బయటకు పంపుట నేటి తీగెలకు సాధ్యముకాదు. ఏమి చేయవలెను?

అవధాని ఏమి చేయును? పృచ్ఛకులు ప్రశ్నలు వేయునంతసేపు కాగితముపై వ్రాయడు. మనసున నిలుపుకొనును. అందరి వంతులును ముగిసిన తరువాత, మొదటినుండి వరుసగా పద్యములన్నియు అప్పగించును. దానినే ధారణ యందురు. తిరుపతి వేంకట కవులు శతావధానములలో నూరుమందికి ఇట్లు అప్పగించిరని మన పెద్దలు చెప్పుదురు. ఈ డిటెక్టరులు అదే పద్ధతిని అనుసరించినవి. ప్రతి గడి క్రిందను, ఆ అయిదవవంతు మిల్లీమీటరు చోటులోనే, 352 చిన్న కెపాసిటరులను అమర్చిరి. ఒక్కొక్కటి ఒక్కొక్క మెరుపునకు సంబంధించిన విలువను పట్టి నిలుపును. విడత ముగిసిన తరువాత 99.4 మిల్లీసెకనుల చీకటిలో ధారణ జరుగును. ఎల్.పి.డి.లో గడికి 512 జ్ఞాపకములు, డి.ఎస్.ఎస్.సి.లో 800.

ఈ జ్ఞాపకములకు లోపములును కలవు. కెపాసిటరు చిల్లికుండవంటిది. ఆలసించినకొలది నిలిపినది కారిపోవును. అదియుగాక ఏ రెండు కుండలును సరిసమానములు కావు. పది లక్షల గడులలో గడికి 352 కుండలు, అనగా 36 కోట్ల 90 లక్షలకు పైగా. ప్రతి దానికిని మూడు పాత్రలు. మొత్తము 110 కోట్ల కొలతపాత్రలు. వీనిలో ప్రతిదాని తప్పును విడివిడిగా కనుగొని, పట్టికలో వ్రాసి, ప్రతి పటమునుండి ఆ తప్పును తీసివేయవలెను. కాలము గడచినకొలది అవి మారును గనుక మరల మరల తూచవలెను. తూనికల శాఖవారు మన సంఘపు రాళ్ళకు ముద్ర వేయుదురు గదా! అచ్చట 110 కోట్ల రాళ్ళకు ముద్ర వేయవలెనని తలచుకొనుడు. పటమువలె కనబడునది నిజమునకు పెద్ద లెక్కలపుస్తకమని అప్పుడు నాకు బోధపడినది.

ఇన్ని చేసినను బాలిక ప్రశ్నకు సమాధానము ఏమి? ఒక్కటియు పోకుండ వ్రాయునా? లేదు. విడతకు 2,700 మెరుపులు రాగలవు. జ్ఞాపకములు 352. సెకనుకు 27,000లో 3,520 మాత్రమే పద్దు పడును. నూటికి పదమూడు. తక్కినవి చూచువారు లేకయే వెడలిపోవును. ఆ 3,520 పటములను బయటకు తీసికొనివచ్చుటయే సామాన్యము కాదు. గడికి రెండు బైట్లుగా లెక్కించినను సెకనుకు 7 గిగాబైట్లకు మించును. మన పిల్లలు వాడు 64 గిగాబైట్ల పెన్‌డ్రైవు తొమ్మిది సెకనులలో నిండును.

ఇంత చేసినందుకు ఫలము లేకపోలేదు. 2018లో ప్రకటించిన ప్రయోగములలో ఈ డిటెక్టరుతోనే సెకనుకు పది లక్షలకు పైబడిన వేగముతో వచ్చు మెరుపులను పట్టి స్ఫటికముల రూపమును తేల్చిరి. అందులో నొకటి, కొన్ని సూక్ష్మజీవులు మన యాంటీబయాటిక్ మందులను విరుగగొట్టుటకు వాడు బీటా-లాక్టమేసు అను ఎంజైమునకు సంబంధించినది. మందు పనిచేయక జ్వరము తిరుగబెట్టిన ఇండ్లు మన ఊరిలోను కలవు. శత్రువు చేతిలోని కత్తి యెట్టిదో తెలిసినచో డాలు చేయుట సులభమగును.

ఇప్పుడు క్రొత్త చిక్కు వచ్చినది. కాలిఫోర్నియాలోని స్లాక్‌వారు తమ యంత్రమును మార్చి, పరమశూన్య ఉష్ణమునకు రెండు డిగ్రీలు మాత్రమే పైనుండునట్లు చల్లబరచిన క్రొత్త త్వరకముతో 2023 సెప్టెంబరులో మొదటి వెలుగును చూచిరి. అది సెకనుకు పది లక్షల మెరుపుల నివ్వగలుగునట్లు నిర్మింపబడినది. అవి విడతలుగా కాదు, ఎడతెగకుండ. చీకటి లేదు. ధారణకు వేళ లేదు. పది లక్షల గడుల పటమును ప్రతి మెరుపునకు పంపినచో సెకనుకు రెండు టెరాబైట్లు. ముప్పదికి పైగా పెన్‌డ్రైవులు సెకనుకు నిండును. అంతయు దాచుట ఎవరికి సాధ్యము? కనుక అచ్చటి శాస్త్రజ్ఞులు చిప్పులోనే, పటము పుట్టినచోటనే, అక్కరకు వచ్చునదేదో ఎంచి, తక్కినదానిని విడిచిపెట్టు డిటెక్టరులకొరకు పాటుపడుచున్నారు. ఖాళీగడులను పంపక, ఫోటాను పడిన గడులనే పంపుట ఒక మార్గము. స్ఫటికము తగులని మెరుపులను త్రోసివేయుట మరియొకటి. జర్మనీలోను, పనికిరాని పటమని తెలిసినచో ఆ కుండను ఖాళీచేసి మరియొక పటమునకు వాడు ఏర్పాటు కలదు.

ఇది తప్పని పని. కాని ఇందులో భయమును కలదు. ఏది పనికివచ్చునో ముందుగా ఎంచువారు ఎవరు? మనము ఎదురుచూచుదానినే యంత్రము ఎంచును. ఎదురుచూడనిది వచ్చినచో? లావె పటములోని చుక్కలు ఎవరును అంతకుముందు చూచినవి కావు. రాంట్గెన్‌కు కనిపించినది ఆయన వెదకినది కాదు. మనము ఎరిగినవానినే ఉంచుమని నేర్పిన వ్రాయసకాడు అట్టివానిని చెత్తయని పారవేయడా? శాస్త్రజ్ఞులు ఈ భయమును ఎరిగియే, త్రోసివేయు నియమములను మరల మరల పరీక్షించుచున్నారు.

ఈ భయము నాకు పుస్తకమువలన కలిగినది కాదు. అనుభవమువలన కలిగినది. దానిని చెప్పి ముగించెదను. ఇది నా తప్పు గనుక ఈ సంచికలో అచ్చుపడుట మంచిది.

మన గ్రంథాలయము పెట్టిన రెండవ యేట, ఊరి పాటలు వ్రాసియుంచవలెనని పాలకవర్గము నిశ్చయించి ఆ పని నాకు ఒప్పగించినది. మా వీధి చివర ఒక వృద్ధురాలు ఉండెడిది. ఊరందరును ఆమెను మామ్మ యనియే పిలిచిరి. ఆమె నోట నలుబది పాటలకు తక్కువ లేవు. పండ్రెండు సాయంకాలములు ఈ అరుగుమీదనే ఆమెను కూర్చుండబెట్టి వ్రాసికొంటిని. మొదట ఒక్కొక్క చరణమునకు ఆపుమంటిని. ఆమె, “మధ్యలో ఆపితే పాట దారి తప్పుతుంది నాయనా” అనినది. నిజమే, రెండు మారులు ఆగినంతనే మూడవ చరణము ఆమెకు అందలేదు. అప్పుడు నేను వ్రాయుట మాని వినుచు, ఆమె పాట ముగించి తాంబూలము నమలు వేళలో జ్ఞాపకమునుండి వ్రాసితిని. ఆ తాంబూలపు వేళయే నాకు చీకటివేళ. రెండు పాటలవరకు నిలిచినవి. మూడవది పాడించినచో మొదటిది కారిపోయినది. నా కుండలు రెండే.

ఇంతవరకు నా శక్తిలోపము. తరువాతిది నా గర్వము. నేను అప్పుడే కావ్యములు చదువుట ఆరంభించిన వాడను. సీతమ్మ పాటలు, ఊర్మిళ పాటలు వచ్చినచో ఆదరముతో వ్రాసితిని. నాట్లవేళ పాటలు, దంపుళ్ళ పాటలు ఆమె ఎత్తుకొన్నచో, “అవి వద్దులే మామ్మా, మంచివి చెప్పు” అంటిని. ఆమె మారుమాట లేక మంచివే చెప్పినది. మరుసటి సంక్రాంతికి ఆమె లేదు. నాట్లును యంత్రములపాలయినవి. ఆ నోటుపుస్తకము మన బీరువాలో నేటికిని కలదు. అందు 14 పాటలున్నవి. సీతమ్మ పాటలు ఇతర గ్రామములలోను ఎవరో ఒకరు వ్రాసియుంచిరి. మన ఊరి చేల పేర్లు, మన కాలువల పేర్లు, మన కూలీతల్లుల కష్టసుఖములు గల ఆ పాటలు మరియెచ్చటను లేవు. వానిని చెత్తగడులని ఎంచి త్రోసివేసిన వ్రాయసకాడను నేను.

ఆ బాలికతో ఈ సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “ఇప్పుడు ఫోనులో అన్నీ రికార్డు చెయ్యొచ్చు కదా తాతగారూ! ఎంచటం తరువాత చూసుకుందాం” అనినది. నేను మూడు నెలలు చదివి తెలిసికొన్నదానిని ఆమె ఒక్క మాటలో చెప్పినది.

కావున పాలకవర్గమువారికి నాది ఒక్క విన్నపము. ఈ రజతోత్సవ సంవత్సరమున భవనమునకు సున్నము వేయుట, క్రొత్త బీరువాలు కొనుట మంచివే. వానితోబాటు, ఊరిలో డెబ్బది ఏండ్లు దాటిన ప్రతివారి యొద్దకు మన విద్యార్థులను పంపి, వారు ఏది చెప్పినను, ఏది పాడినను, నడుమ ఆపక, ఇది పనికివచ్చును, అది పనికిరాదని అనక, ఫోనులో ఎక్కించి, తేదీయు పేరును వ్రాసి, రెండు ప్రతులుగా గ్రంథాలయమున భద్రపరచుడు. మన ఊరి లెక్కకు జాగా చాలును. రెండు టెరాబైట్లు వారికి ఒక సెకను. మనకు ఒక తరము.

అచ్చట పండితులు ఫెమ్టోసెకనుల మెరుపు పోరాదని పది లక్షల గుమాస్తాలను నిలిపిరి. ఇచ్చట మెరుపులు ఎనుబది ఏండ్లు నిలిచి, మన అరుగులమీద కూర్చుండి, మనకొరకు ఎదురుచూచుచున్నవి. అవియును ఒక్కమారే మెరయును.